వెన్నుకి కాంట్రాస్ట్ స్కాన్ ఉందా? మందుల సంచీ మొత్తం పట్టుకు రండి

నేను శ్రీకాకుళంలో స్కానింగ్ విభాగంలో నర్సుని. మాది కవిటి వైపు. వెన్నుకి కాంట్రాస్ట్ (బొమ్మలో లోపలి భాగాలు స్పష్టంగా కనపడటానికి ఎక్కించే మందు) వేసి స్కాన్ తీయాలంటే మా జిల్లావాళ్ళకి రెండు టెన్షన్లు: ఒకటి సూది, రెండోది కిడ్నీ. రెండూ న్యాయమైన భయాలే. మూడోది మాత్రం ఎవరికీ తట్టదు, ఎందుకంటే అది వాళ్ళు రోజూ వేసుకునే మాత్రల్లో ఉంటుంది.

"ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఇలా ఉంటుంది: "పెద్దగా ఏటీ లేవు సిస్టరమ్మా. బీపీదొకటి, గ్యాస్‌దొకటి, నరాల మాత్రొకటి." ఆ నరాల మాత్ర పేరు చెప్పమంటే "తెల్లగా ఉంటాది" అంటారు. అందుకే స్కాన్ తేదీ తీసుకోవడానికి వచ్చినప్పుడే నేను చెప్పే మొదటి మాట: ఇంట్లో ఉన్న మందుల సంచీ మొత్తం పట్టుకు రండి. అయిపోయిన స్ట్రిప్పులు ఉన్నా పారేయకుండా తెండి. మాత్ర ఒక్కటే కత్తిరించి కాగితంలో చుట్టి తెస్తే పేరు కనపడదు. ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లాలు, నాటువైద్యుడు ఇచ్చిన పొడి, పసరు కూడా చెప్పండి. మేము ఎవరినీ తిట్టం.

ముందు, మీది ఏ స్కాన్?

"కాంట్రాస్ట్ స్కాన్" అని రాసినంత మాత్రాన అన్నీ ఒకటి కావు. జాగ్రత్తలు కూడా వేరు. చీటీ రాసిన డాక్టర్ని ఒక్క ప్రశ్న అడగండి: "కాంట్రాస్ట్ మందు చేతి నరంలో వేస్తారా, వెన్నులో వేస్తారా?"

చేతి నరంలో వేసి తీసేది ఎక్కువగా ఎంఆర్‌ఐ. అందులో వాడేది గాడోలినియం మందు. వెన్నులో టీబీ, గడ్డ, ఇన్ఫెక్షన్ అనుమానం ఉన్నప్పుడు, వెన్ను ఆపరేషన్ తర్వాత మళ్ళీ నొప్పి వచ్చినప్పుడు ఇది రాస్తారు.

వెన్నులో సూది గుచ్చి, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి అయోడిన్ మందు ఎక్కించి ఎక్స్‌రే, సీటీ తీసేది మైలోగ్రామ్. ఎంఆర్‌ఐ వచ్చాక ఇది బాగా తగ్గింది. కానీ గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి, వెన్నులో స్క్రూలూ రాడ్లూ ఉండి ఎంఆర్‌ఐ బొమ్మ చెడిపోయేవాళ్ళకి, వెన్ను నీరు ఎక్కడో లీకవుతోందని అనుమానం ఉన్నవాళ్ళకి ఇప్పటికీ చేస్తారు. మన వైపు నుంచి చాలామంది దీనికోసం విశాఖపట్నం వెళ్తారు. మందుల విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది దీనికే, కాబట్టి నేను ఎక్కువ చెప్పేది కూడా దీని గురించే.

నరాల మాత్ర

నడుం నుంచి కాలికి లాగే నొప్పికి రాసే మాత్రల్లో చాలావాటిలో ప్రెగాబాలిన్ లేదా గాబాపెంటిన్‌తో పాటు నార్‌ట్రిప్టిలిన్ అనే మందు కలిసి ఉంటుంది. పేరు చివర "ఎన్‌టీ" అని ఉంటే చాలాసార్లు అదే. కొందరికి రాత్రి పడుకునే ముందు అమిట్రిప్టిలిన్ చిన్న మోతాదు రాస్తారు. ఈ రెండూ నిజానికి డిప్రెషన్ మందుల కుటుంబానివి, నొప్పికి కూడా పనిచేస్తాయి. రోగికి మాత్రం అది "నరాల మాత్ర" అంతే. "మీరు డిప్రెషన్ మందులు వాడుతున్నారా?" అని అడిగితే ఠక్కున "లేదు" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, మనం అడిగిన తీరు అలాంటిది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, వెన్నునీటిలో వేసిన అయోడిన్ మందు కొంత మెదడు దాకా చేరితే ఫిట్స్ వచ్చే అవకాశం, అరుదుగానే అయినా, ఉంది. కొన్ని మందులు ఆ అవకాశాన్ని పెంచుతాయి. అమిట్రిప్టిలిన్, నార్‌ట్రిప్టిలిన్ లాంటివి. మానసిక సమస్యలకి వాడే క్లోర్‌ప్రోమజిన్ లాంటివి. తల తిరుగుడుకి మనవాళ్ళు అలవాటుగా వేసుకునే స్టెమెటిల్. డిప్రెషన్‌కి వాడే బుప్రోపియాన్. నొప్పికి వాడే ట్రమడాల్ (అల్ట్రాసెట్ మాత్రలో ఉండేది ఇదే, పారాసిటమాల్‌తో కలిపి). మైలోగ్రామ్‌లో ఎక్కువగా వాడే అయోహెక్సాల్ మందు సూచనల కాగితంలో ఇలాంటి మందుల్ని పరీక్షకి కనీసం 48 గంటల ముందు ఆపాలని, పరీక్ష అయ్యాక కనీసం 24 గంటలు మళ్ళీ మొదలుపెట్టకూడదని ఉంటుంది. ఈ మధ్య కొందరు రేడియాలజిస్టులు ఈ మందులన్నిటి విషయంలో అంత పట్టుబట్టడం లేదు. కాబట్టి మీ విషయంలో ఏం చేయాలో మీకు పరీక్ష చేసే డాక్టరే చెప్పాలి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఇది చదివి మీకు మీరే మాత్ర మానేయకండి. డిప్రెషన్‌కి గానీ, మానసిక జబ్బుకి గానీ వాడే మందు ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు. ఆ మందు రాసిన డాక్టరు, స్కాన్ చేసే డాక్టరు ఇద్దరూ ఒక మాట మీద ఉండాలి. ఫిట్స్ మాత్రలు వాడేవాళ్ళు అసలు ఆపకూడదు, పరీక్ష రోజు పొద్దున కూడా వేసుకుని, మాకు చెప్పి రావాలి. రోజూ మద్యం తాగే అలవాటు ఉన్నవాళ్ళు అదీ చెప్పాలి. పక్కన భార్యో కొడుకో ఉంటే ఎవరూ ఒప్పుకోరు, "ఎప్పుడో పండగకి" అంటారు. అందుకే నేను వాళ్ళని టీ తాగి రమ్మని పంపించి, అప్పుడు మళ్ళీ అడుగుతాను.

రక్తం పల్చబరిచే మందులు

వెన్నులో సూది అంటే ఇది రెండో పెద్ద విషయం. సూది దిగిన చోట లోపల రక్తం గడ్డకట్టి నరాల్ని నొక్కితే కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది. చాలా అరుదు, కానీ అలా జరిగితే గంటల్లో ఆపరేషన్ చేయాలి.

గుండె మందుల్లో ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) ఒక్కటే అయితే చాలా చోట్ల ఈ సూదికి ఆపరు. క్లోపిడోగ్రెల్ ఉంటే మామూలుగా 5 నుంచి 7 రోజుల ముందు ఆపమంటారు. చిక్కేమిటంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపిన క్యాప్సూల్ చాలామంది వాడతారు, "నాది ఎకోస్ప్రినే" అనుకుంటారు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదివించుకోండి. వాల్వు మార్పించుకున్నవాళ్ళు వాడే అసిట్రోమ్, వార్ఫరిన్‌లకి కొన్ని రోజుల ముందు ఆపి, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చూపే) పరీక్ష చేసి, అది తగ్గిందని చూశాకే సూది వేస్తారు. రివరాక్సబాన్, అపిక్సబాన్, డబిగాట్రాన్ లాంటివి మామూలుగా రెండు మూడు రోజులు, కిడ్నీ బాగాలేకపోతే ఇంకా ఎక్కువ. పొట్టకి వేసుకునే హెపారిన్ ఇంజక్షన్‌కి ఆఖరి డోసు ఎన్ని గంటలకి వేశారో టైముతో సహా చెప్పాలి.

ఈ రోజుల లెక్క మీకు అవగాహన కోసమే. స్టెంట్ వేసి కొద్ది నెలలే అయిన మనిషి క్లోపిడోగ్రెల్ ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. అలాంటప్పుడు స్కానే వాయిదా వేస్తారు, లేదా వేరే పరీక్ష చూస్తారు. "ఆపొచ్చు, ఫలానా తేదీ నుంచి, మళ్ళీ ఫలానా రోజు మొదలుపెట్టాలి" అని గుండె డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. మన గుండె డాక్టర్లు చాలామంది విశాఖలో ఉంటారు. స్కాన్ రేపనగా ఫోన్ చేస్తే దొరకరు, దొరికినా అప్పటికి ఆపే గడువు దాటిపోతుంది. కనీసం పది రోజుల ముందు ఈ పని చూసుకోండి.

కాంట్రాస్ట్ చేతి నరంలో వేసే ఎంఆర్‌ఐకి రక్తం పల్చబరిచే మందులు ఆపనక్కర్లేదు. ఎవరో చెప్పారని ఎంఆర్‌ఐకి కూడా వారం రోజులు గుండె మాత్ర మానేసి వచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

కిడ్నీ సంగతి

ఉద్దానం గురించి వేరే చెప్పాలా? కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం... ఈ మండలాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు లేని ఊరు వెతకాలి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు 200 పడకల ఆసుపత్రి మొదలైందంటేనే సమస్య ఎంతుందో తెలుస్తుంది. మా వైపు బడికి పోని మామ్మ కూడా తన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష అంకె) ఎంతో చెప్తుంది.

కానీ క్రియాటినిన్ ఒక్కటే చూస్తే సరిపోదు. వయసు, ఆడా మగా అన్నది కలిపి లెక్కకట్టే ఈజీఎఫ్‌ఆర్ అంకె కావాలి. క్రియాటినిన్ 1.4 అనుకోండి. 30 ఏళ్ళ మగాడికి ఈజీఎఫ్‌ఆర్ దాదాపు 69 వస్తుంది. అదే 1.4 ఉన్న 60 ఏళ్ళ ఆడమనిషికి దాదాపు 43. ఒకే రిపోర్టు, కిడ్నీలు పనిచేసే తీరులో ఇంత తేడా. ల్యాబ్ కాగితం మీద ఈజీఎఫ్‌ఆర్ లేకపోతే వేసివ్వమని అడగండి. రిపోర్టు కూడా పాతది పనికిరాదు. మధ్యలో వాంతులు విరేచనాలు అయినా, జీడితోటలో ఎండలో నీళ్ళు లేకుండా పనిచేసినా అంకె మారిపోతుంది.

గాడోలినియం విషయానికొస్తే, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి చర్మం, కీళ్ళు బిగుసుకుపోయే ఒక జబ్బు దీనివల్ల వస్తుందని 2006లో బయటపడింది. పాతరకం మందులతోనే ఎక్కువగా వచ్చింది. ఇప్పుడు గాడోబ్యుట్రాల్, గాడోటెరేట్ లాంటి కొత్తరకాలతో ఆ ప్రమాదం చాలా తక్కువ. అయినా ఈజీఎఫ్‌ఆర్ 30 లోపు ఉంటే, డయాలసిస్ మీద ఉంటే ముందే చెప్పండి. ఏ రకం వాడాలో చూసుకుంటారు, డయాలసిస్‌కి కాస్త ముందు స్కాన్ పడేలా టైము ఇస్తారు. కిడ్నీ జబ్బు ఉందని దాచిపెట్టి "స్కాన్ వద్దంటారేమో" అని భయపడేవాళ్ళని చూశాను. చెబితే స్కాన్ ఆగిపోదు, మందు మారుతుంది.

నిజానికి మా ప్రాంతంలో కాంట్రాస్ట్ కంటే ఎక్కువగా నన్ను భయపెట్టేవి నొప్పి మాత్రలు. వెన్నునొప్పి ఉన్న మనిషి స్కాన్ తేదీ వచ్చేదాకా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రోజూ మింగుతాడు, పైగా వారానికోసారి ఆర్‌ఎంపీ దగ్గర సూది. కిడ్నీ అప్పటికే నీరసంగా ఉంటే, ఆ మాత్రల మీద కాంట్రాస్ట్ కూడా పడితే భారం పెరుగుతుంది. స్కాన్‌కి కొన్ని రోజుల ముందు నుంచి వాటి బదులు ఏం వేసుకోవాలో డాక్టర్ని అడగండి.

షుగర్ మాత్ర

మెట్‌ఫార్మిన్ ఆపాలా వద్దా అన్నది కూడా కిడ్నీ అంకెనే బట్టి. అయోడిన్ మందు వేసేటప్పుడు ఈజీఎఫ్‌ఆర్ 30 లేదా పైన ఉండి, కిడ్నీలు అప్పటికప్పుడు దెబ్బతిని లేకపోతే మామూలుగా ఆపనక్కర్లేదు. 30 లోపైతే పరీక్ష నుంచి 48 గంటలు ఆపి, మళ్ళీ రక్తపరీక్ష చూశాక మొదలుపెడతారు. గాడోలినియానికి దీన్ని ఆపరు. గ్లిమిపిరైడ్‌తో కలిసి ఉన్న మాత్ర అయితే ఇంకో గొడవ: తిండి మానేసి అది వేసుకుంటే షుగర్ పడిపోతుంది. ఏమీ తినకుండా రమ్మని చెబితే "షుగర్ మాత్ర, ఇన్సులిన్ సంగతేంటి?" అని అక్కడే అడిగేయండి. స్కాన్‌కి పొద్దున్నే టైము ఇప్పించుకోండి. సంచీలో గ్లూకోజ్ పొడి ఉంచుకోండి.

రొయ్యలు తింటే దురద

భావనపాడు, కళింగపట్నం వైపు వాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. రొయ్యలు, పీతలు పడకపోతే అయోడిన్ మందు పడదని ఒక నమ్మకం బలంగా ఉంది. రొయ్యలకి దద్దుర్లు వచ్చేది అందులోని అయోడిన్ వల్ల కాదు, ఒక ప్రోటీన్ వల్ల. దీనికి దానికి సంబంధం లేదు. మేము గట్టిగా పట్టించుకునేది ఇంతకు ముందు ఏదైనా స్కాన్‌లో కాంట్రాస్ట్ వేసినప్పుడు దద్దుర్లు, ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం జరిగిందా అన్నది. జరిగి ఉంటే ముందే చెప్పాలి. ముందు రోజు రాత్రి నుంచే స్టెరాయిడ్ మాత్రలు వేయాల్సి రావచ్చు, స్కాన్ బల్ల మీద పడుకున్నాక చెబితే ఆ రోజుకి స్కాన్ లేనట్టే. ఆస్తమా, థైరాయిడ్ ఎక్కువగా ఉండటం, గర్భం కూడా ముందే చెప్పండి.

సీసా మీద అంకె

కొన్నిచోట్ల కాంట్రాస్ట్ మందు బయట షాపులో కొనుక్కు రమ్మని చీటీ ఇస్తారు. వెన్నులో వేయడానికైతే ఇక్కడ కళ్ళు తెరుచుకుని ఉండాలి. అయోహెక్సాల్‌నే తీసుకుంటే (ఓమ్నిపేక్ పేరుతో దొరుకుతుంది) సీసా మీద 180, 240, 300, 350 ఇలా అంకెలుంటాయి. అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన సూచనల ప్రకారం 140, 350 రకాలు వెన్నులో వేయకూడదు. షాపువాడు "300 లేదు, 350 ఉంది, అదే కంపెనీ కదా" అంటే తీసుకోకండి. చీటీలో ఉన్న పేరు, అంకె రెండూ సరిపోవాలి. అయానిక్ రకం (వెన్నులో వేయడానికి పనికిరాని వేరే రకం) అయోడిన్ మందు పొరపాటున వెన్నులోకి వెళ్తే ప్రాణం పోవచ్చు. సీసాని డాక్టరు చేతికి ఇచ్చేటప్పుడు "ఇది వెన్నులో వేసే రకమేనా సార్?" అని అడగడానికి మొహమాటం వద్దు. మంచి డాక్టరు విసుక్కోడు, సీసా తిప్పి చదువుతాడు.

ఎంఆర్‌ఐ గదికి ముందు

దీని గురించి అందరికీ కొంత తెలుసు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. ఆ గదిలో అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, స్కాన్ ఆగినా అది ఆగదు. పేస్‌మేకర్, చెవిలో పెట్టిన ఇంప్లాంట్, మెదడులో క్లిప్ ఉంటే వాటి కార్డు తేవాలి. చెన్నై, గుజరాత్ వైపు వలస వెళ్ళి వెల్డింగ్, గ్రైండింగ్ పనులు చేసినవాళ్ళు కంట్లో ఎప్పుడైనా ఇనప రజను పడిందేమో చెప్పాలి, కంట్లో మిగిలిపోయిన ముక్క కదిలితే చూపు పోవచ్చు. మొలతాడు, తాయెత్తు, మెట్టెలు, పిన్నీసులు ఇంటి దగ్గరే తీసేసి రండి. పుస్తెలు తీయడానికి మా అప్పలు, పిన్నమ్మలు ఒప్పుకోరు. పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టుకుని రమ్మని ముందే చెప్పేస్తే గొడవ ఉండదు.

ఆ రోజు

ఇచ్ఛాపురం నుంచి తెల్లవారుజామున బయల్దేరి, "ఖాళీ కడుపు" అన్నారని గుక్క నీళ్ళు కూడా తాగకుండా మధ్యాహ్నం దాకా కూర్చునేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. తిండి మానమన్నారా, నీళ్ళు కూడా మానమన్నారా అన్నది విడిగా అడగండి. కాంట్రాస్ట్‌కి ఒంట్లో నీళ్ళు ఉండటమే మంచిది. కిడ్నీ, గుండె జబ్బుల వల్ల నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళు ఆ కొలతే పాటించాలి. బీపీ మాత్ర మామూలుగా వేసుకునే రావొచ్చు.

మైలోగ్రామ్ తర్వాత

వెన్నులో మత్తు సూది వేసి ఆపరేషన్ చేస్తే తలగడ లేకుండా పడుకోబెడతారని మనవాళ్ళకి గుర్తు. అందుకని మైలోగ్రామ్ అయ్యాక కూడా, మంచం తల వైపు ఎత్తి ఉంచితే వెంట వచ్చినవాళ్ళు దించేస్తారు. దించకండి. మందు తల వైపు పాకకుండా ఉండటానికే సుమారు 30 డిగ్రీలు ఎత్తి, కొన్ని గంటలు ఉంచుతారు. వంగి చెప్పులు తీసుకోవడం, బకెట్ ఎత్తడం ఒద్దు. నీళ్ళు, మజ్జిగ బాగా తాగించండి. వాంతి వస్తే ఊళ్ళో స్టెమెటిల్ ఇంజక్షన్ వేయించేయకండి, అది పైన చెప్పిన ఫిట్స్ జాబితాలోదే. పరీక్ష చేసినచోటికి ఫోన్ చేసి వేరే మందు అడగండి.

ఇల్లు విశాఖకి దూరమైతే ఆ రాత్రి అక్కడే ఎవరైనా బంధువుల ఇంట్లో ఆగండి. తప్పనిసరైతే కారులో సీటు వెనక్కి వాల్చుకుని వెళ్ళండి. బైకు వెనక కూర్చుని మాత్రం వద్దు.

లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి ఒకటి రెండు రోజుల్లో రావొచ్చు, ఎక్కువగా దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోతే మీ రక్తమే కొంచెం తీసి సూది గుచ్చిన చోట వేసి లీకు మూస్తారు. జ్వరంతో మెడ బిగుసుకుపోయినా, కాళ్ళు బలహీనపడినా, మూత్రం రాకపోయినా, ఫిట్స్ వచ్చినా మాత్రం 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళిపోవాలి, తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు.

వెళ్ళే ముందు ఒక కాగితం రాయించుకోండి: వేసిన కాంట్రాస్ట్ పేరు, అంకె, ఎంత వేశారు, ఒంటికి ఏమైనా అయిందా, ఆపిన ప్రతి మందు మళ్ళీ ఏ రోజు, ఏ పూట మొదలుపెట్టాలి. గుండె మాత్ర, నరాల మాత్ర, షుగర్ మాత్ర మూడింటికీ తేదీలు వేరుగా ఉండొచ్చు. ఆ కాగితాన్ని ఫోటో తీసి, ఇంట్లో మాత్రలు అందించే మనిషి ఫోన్‌లోకి పంపండి.